పేరు పెట్టి పిలవని గది

పోయిన వారం మన పెద్దసిస్టరుని పళ్ళ డాక్టరు గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. వారమంతా ఆవిడ మోకాళ్ళు ఏమైపోయాయోనని బెంగపెట్టుకున్నవాళ్ళుంటే స్థిమితపడండి. లోపల కూర్చోవడానికి కుర్చీ దొరుకుతుంది. అది ఎలాంటి కుర్చీ అన్నది వేరే సంగతి.

కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకెళదాం. పెద్దసిస్టరు పెద్దాసుపత్రి కాన్పుల వార్డులో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. ఊళ్ళో సగంమంది కళ్ళు తెరిచి మొట్టమొదట చూసిన మొహం ఆవిడదే. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడింట్లో ఉంటుంది. రిటైరైన వేడి చల్లారకముందే ఒక సేవాసంస్థకి వెళ్ళి, సముద్రాల అవతల ఒక చిన్న దేశంలో ఏడాదిపాటు జీతం లేకుండా కాన్పులు చేసిపెడతానని పేరిచ్చి వచ్చింది. తమ్ముడు నోరు వెళ్ళబెట్టాడు. మరదలు నెత్తి కొట్టుకుంది. ఆవిడ మాత్రం ఆ దేశం గురించి దొరికిన పుస్తకమల్లా చదివి, పటం కొనుక్కొచ్చి భోజనాల బల్ల పక్కన గోడకి అంటించింది.

"వదినా, ఆ దేశం కంచంలోకి కూడా వచ్చేస్తోంది. కాస్త పక్కకి జరపండి," అనేది మరదలు.

ఆ సంస్థకో పద్ధతుంది. వెళ్ళబోయే మనిషిని, ఆ దేశంలో పుట్టి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళెవరో ఒకరు ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. వాళ్ళు పంపండి అంటేనే ప్రయాణం. వద్దంటే, ఎంత అనుభవం ఉన్నా ఇంట్లో కూర్చుని పప్పు ఏరుకోవాల్సిందే. మన ఊరు మొత్తానికి ఆ దేశంవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయనే పళ్ళ డాక్టరు.

ఇంకొక్క సంగతి. ఉన్న దేశాలన్నీ వదిలి ఆవిడ ఆ దేశమే ఎందుకు అడిగిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మనకి మాత్రం తెలుసు. నర్సింగు చదివే రోజుల్లో హాస్టల్లో ఆవిడ గదిలో ఉండే పిల్లది ఆ దేశం. ఆ పిల్లని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. ఇక లోపలికి పదండి.

క్లినిక్కు బట్టల కొట్టు మేడ మీద ఉంది. ముందు గదిలో చిన్న బల్ల వేసుకుని డాక్టరుగారి భార్య కూర్చుంటుంది. వచ్చినవాళ్ళని వరసలో పంపడం, ఫోన్లు ఎత్తడం, లోపల మర చప్పుడు విని బిక్కమొహం వేసిన పెద్దవాళ్ళకి ధైర్యం చెప్పడం అన్నీ ఆవిడ పనులే. పెద్దసిస్టరుని చూడగానే లేచి నిలబడింది.

"మా ఇద్దరు పిల్లలూ మీ చేతుల మీద పుట్టినవాళ్ళేనండీ. మీకు గుర్తుండదులెండి."

"మొహాలు గుర్తుండవమ్మా, ఏడుపులు గుర్తుంటాయి. ఒకసారి ఏడిపించు, చెప్తాను."

ఆవిడ నవ్వి, గొంతు తగ్గించింది. "మా ఆయన మాట విని మీరేమీ అనుకోకండి. మన భాష మా అమ్మ దగ్గర నేర్చుకున్నారు. అచ్చం మా అమ్మలాగే మాట్లాడతారు. కొత్తవాళ్ళకి నవ్వొస్తుంది."

ఆ మాట నిజమే. తలుపు తీసేసరికి ఎదురుగా చెట్టంత మనిషి, నెరిసిన మీసం, తెల్లకోటు. నోరు తెరిచాడంటే లోపల ఎవరో ముసలమ్మ కూర్చుని మాట్లాడుతున్నట్టుంది.

"రా తల్లీ, రా. ఎండనపడి వచ్చావు, కూర్చో. వేరే కుర్చీ లేదు, ఉన్నదదొక్కటే." అంతలోనే నాలిక కరుచుకుని, "కూర్చోండి" అని సవరించుకున్నాడు.

ఉన్నది రోగులు కూర్చునే కుర్చీ. పెద్దసిస్టరు దాంట్లోకి ఎక్కేసరికి అది వెనక్కి వాలింది. కాళ్ళు పైకి లేచాయి. నెత్తి మీద గుండ్రటి దీపం. జీవితమంతా ఇతరుల్ని పడుకోబెట్టి తను నిలబడ్డ మనిషికి ఇలా వెల్లకిలా ఉండి జవాబులు చెప్పడం కొత్త.

"భయపడకండి, నోరు తెరవమనను."

"తెరవకపోతే పరీక్షకి జవాబెలా చెప్పనండీ?"

డాక్టరు నవ్వాడు. ఫరవాలేదు, మనిషి మంచివాడే అనుకుంది ఆవిడ. అనుకుని మొదలుపెట్టింది. వానలు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతాయో, వాన పడితే ఏ రోడ్లు మూసుకుపోతాయో, నీళ్ళు ఎంతసేపు కాచుకోవాలో, ఏ జ్వరాలు ఎక్కువో, పల్లెల్లో ఎంతమంది ఇంట్లోనే ప్రసవిస్తారో, అన్నీ గడగడా అప్పజెప్పింది. డాక్టరు స్టూలు మీద కూర్చుని కలం తిప్పుకుంటూ విన్నాడు. మధ్యలో ఒకసారి ఆవలింత కూడా ఆపుకున్నాడు.

"ఇవన్నీ పుస్తకాల్లో ఉండేవి. నేను ఆ దేశం వదిలి ఎన్నేళ్ళో అయింది. ఈ లెక్కలు నాకే తెలియవు. పుస్తకాల్లో లేనిదేమైనా తెలుసా మీకు?"

ఆవిడ ఎదురు చూస్తున్నదే ఆ ప్రశ్న కోసం. ఆ దేశం సంగతి పుస్తకాలు చదివి తెలుసుకోవాల్సిన ఖర్మ తనకేమిటి? పుస్తకాలు సంస్థవాళ్ళ తృప్తి కోసం.

"కాన్పు గదిలో తల్లిని పేరు పెట్టి పిలవకూడదు. నాకు తెలుసు."

డాక్టరు చేతిలో కలం ఆగింది.

"బిడ్డ ఏడ్చేదాకా పిలవకూడదు. ఆవిడ అంత దూరం బయల్దేరిన మనిషి, వెనక నుంచి పిలిస్తే సగం దారిలో ఆగిపోతుంది అంటారు కదా మీవాళ్ళు. అది విన్నప్పుడు నాకెంత ముచ్చటేసిందో. మన దగ్గరా అంతేగా, బయటికెళ్ళే మనిషిని గుమ్మం దాటాక వెనక్కి పిలవం. ఆ రోజు నుంచి మా వార్డులో అదే పద్ధతి పెట్టానండీ. ఎంతమంది వచ్చినా అందరినీ 'తల్లీ' అనే పిలిచేదాన్ని. కొత్తగా చేరిన నర్సమ్మలు పేరు పెట్టి కేకేస్తే బయటికి పంపేసేదాన్ని. గుమ్మం దగ్గర నిలబడి కూతురి పేరు అరిచే అమ్మల్ని కూడా నోరు మూయించేదాన్ని." ఆవిడ మొహం వెలిగిపోతోంది. "అక్కడికెళ్ళిన మొదటి రోజే ఇలా చేశాననుకోండి, వాళ్ళకెంత సంతోషంగా ఉంటుంది. పరాయిదొచ్చింది అనిపించదు."

డాక్టరు కలం జేబులో పెట్టేశాడు. తరవాత అత్తగారి గొంతు పోయి, ఆయన సొంత గొంతు వచ్చింది.

"మీరు వెళ్ళబోయేది రాజధానిలో ఆసుపత్రికి. అక్కడ కాన్పు గది బయట ఏం జరుగుతుందో చెప్పనా? ఆ అమ్మాయి తల్లి, అక్క, మొగుడు, అందరూ వరసగా నిలబడి ఆవిడ పేరే పిలుస్తూ ఉంటారు. ఆపరు. ఒకరికి గొంతు పోతే మరొకరు అందుకుంటారు. లోపల నర్సులు కూడా పేరే పిలుస్తారు. పేరు వినిపిస్తున్నంతసేపూ ఆవిడ ఇటువైపే ఉంటుందని నమ్మకం. ఎప్పుడు ఆపుతారో తెలుసా?"

"ఎప్పుడు?"

"ఇక లాభం లేదని తెలిసినప్పుడు. పిలవడం మానేశారంటే ఆ మనిషిని వదులుకున్నట్టే."

పెద్దసిస్టరుకి రాజధాని ఆసుపత్రి వరండాలో తను కొత్త యూనిఫాం వేసుకుని, నవ్వు మొహంతో, వరసగా నిలబడ్డవాళ్ళ దగ్గరికెళ్ళి నోటి మీద వేలు పెట్టి "ఇష్" అంటున్నట్టు కనిపించింది. ఆ తల్లి మొహం కూడా కనిపించింది. తను వెళ్ళి బతికున్న పిల్లని చంపేసినంత పని చేసేది.

"ఎవరు చెప్పారు మీకీ పద్ధతి?" అని అడిగాడు డాక్టరు.

ఎవరు చెప్పారంటే ఏం చెప్తుంది. ఆ పేరు నోటితో అని ఎంత కాలమైందో. కళ్ళు మూసుకుంటే ఆ హాస్టలు గది ఇప్పటికీ అలాగే ఉంది. రెండు మంచాలు, మధ్యలో అడుగు వెడల్పు సందు. కిటికీ కింద ఆసుపత్రి బట్టలు ఉడకబెట్టే గది. పొద్దున్నే ఆవిరి, సోడా వాసన పైకి లేచి గదంతా నిండేది. ఆ వాసన ఎక్కడ తగిలినా ఆవిడకి ఇప్పటికీ పద్దెనిమిదేళ్ళొస్తాయి.

ఆ పిల్ల తిండి చూసి పిచ్చుక అన్నారు. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేది. మెట్లు నడిచి ఎక్కడం రాదు, గెంతడమే. లిఫ్టంటే చచ్చేంత భయం. మొదట్లో ఇక్కడి భాష రాక, వార్డు పెద్దమ్మ ఏం తిట్టినా నవ్వుతూ "చాలా సంతోషమండీ" అనేది. తను నేర్పిన మొదటి వాక్యం అదే మరి. ఇద్దరికీ కలిపి సెకండ్ల ముల్లున్న వాచీ ఒక్కటే. నాడి చూడాలంటే అది లేకుండా కుదరదు. ఒకళ్ళు పగలు, ఒకళ్ళు రాత్రి డ్యూటీ వేయించుకుని, వార్డు గుమ్మంలో ఒకళ్ళ చొక్కా నుంచి ఒకళ్ళ చొక్కాకి వాచీ మార్చుకునేవాళ్ళు. ఆ కాస్త సేపట్లోనే రోజంతటి కబుర్లూ అయిపోవాలి.

సెలవు రోజు సాయంత్రం మేడ మీద గంజిపెట్టిన టోపీలు ఆరేసి, అవి ఎగిరిపోకుండా కాపలా కాస్తూ కూర్చునేవాళ్ళు. పిచ్చుక తన ఊరి సంగతులు చెప్పేది అప్పుడే. నీళ్ళ మీద పడవల్లో సంత, పురుడు పోసుకునే ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడే ఆడవాళ్ళు, పేరు పిలవని ఆ పద్ధతి. ఇక కాన్పు ఆట ఉండేది, దిండుని కడుపు చేసుకుని, లోపల గుడ్డబొమ్మ దూర్చి, ఒకళ్ళు తల్లి, ఒకళ్ళు నర్సు. పిచ్చుక తల్లి అయిందంటే ఆ కేకలకి కింద గదుల వాళ్ళు పరిగెత్తుకొచ్చేవాళ్ళు. బొమ్మ బయటపడ్డాక పాట పాడేది. అలా ఎన్ని బొమ్మల్ని కన్నారో, ఎంత నవ్వారో.

చదువైపోయి వెళ్ళేటప్పుడు స్టేషనులో, "మా ఊరు రావాలి నువ్వు" అంది పిచ్చుక. "రాకుండా ఎక్కడికి పోతాను" అంది తను. కొన్నాళ్ళు ఉత్తరాలు నడిచాయి. తరవాత ఆ దేశంలో గొడవలు మొదలయ్యాయి, ఉత్తరాలు ఆగిపోయాయి. ఇక్కడ వార్డు, తమ్ముడి చదువు, అమ్మ జబ్బు. వచ్చే ఏడు వెళ్దాం, వచ్చే ఏడు వెళ్దాం అనుకుంటూనే జుట్టు తెల్లబడింది. అయినా ఆ పిల్లని తలుచుకోని రోజు లేదు. అంత దగ్గరి మనిషి ఆ తరవాత మళ్ళీ దొరకలేదు, అంతే.

ఇదంతా డాక్టరుకి చెప్పలేదు. హాస్టలు అంది, స్నేహితురాలు అంది, గొడవల తరవాత జాడ లేదంది. డాక్టరు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఆ మూడు మాటల్లోనే మిగతాదంతా వినేశాడు.

"ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు వెళ్తున్నది సేవకా, ఆ అమ్మాయిని వెతుక్కోవడానికా?"

అబద్ధం చెప్పొచ్చు. సేవకేనండీ అంటే అయిపోయేది. కానీ వెల్లకిలా పడుకుని, నెత్తి మీద దీపం పెట్టుకుని అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాలేదు.

"రెండూ."

"ఏది ఎక్కువ?"

ఆవిడ దీపం వంకే చూస్తూ అంది. "అదే ఎక్కువండీ. దాన్ని ఒక్కసారి చూడాలి. ఉంటే చూడాలి. లేకపోతే, లేదని తెలియాలి. అది తెలియకుండా నాకు ఇంట్లో కూర్చోబుద్ధి కావడం లేదు."

"అయితే నేను వద్దనే చెప్పాలి," అన్నాడు డాక్టరు. కోపంగా కాదు, ఈ పన్ను తీసెయ్యాలమ్మా అన్నట్టు.

పెద్దసిస్టరు మొహం చిన్నబోయింది. "పేరు సంగతి ఇవాళ చెప్పారు, ఇవాళే నేర్చుకున్నాను. ఇంత పని చేసినదాన్ని, ఒక్క అలవాటు మార్చుకోలేనా?"

"అది నేను చెప్పాను కాబట్టి తెలిసింది. మీకు తెలుసనుకుంటున్నవి ఇంకా ఎన్నున్నాయో. ఏమీ తెలియని మనిషైతే అడుగుతుంది. మీరు అడగరు, చెప్తారు. అక్కడికొచ్చే ఆడవాళ్ళు నొప్పులతో వస్తారమ్మా. మీకు కుదురుగా నేర్పే ఓపిక వాళ్ళకుండదు."

 ఇదే మాట తన వార్డులో కొత్తగా చేరినవాళ్ళతో తనే ఎన్నిసార్లు అనుంటుందో. అది గుర్తొచ్చి ఇంకా ఉక్రోషం వచ్చింది. లేచి వెళ్ళిపోదామంటే కుర్చీ లేవనివ్వదు. చేతులానించి ఒకసారి, నడుం ఊపి ఒకసారి ప్రయత్నించింది. డాక్టరు సాయం చేద్దామని కింద మీట నొక్కాడు. కుర్చీ ఆవిడని లేపే బదులు ఇంకాస్త వెనక్కి పడుకోబెట్టింది. కళ్ళ వెంట నీళ్ళు రావాల్సిన చోట ఆవిడకి నవ్వొచ్చింది.

డాక్టరూ నవ్వాడు. నవ్వితే ఆయన గొంతులోకి మళ్ళీ అత్తగారొచ్చింది. "ఉండు తల్లీ, ఉండు. పడతావు. సర్లే గానీ, ఆ పిల్ల నీకు మా భాషేమైనా నేర్పిందా?"

"మాటలు చాలావరకు మర్చిపోయాను. పాటొకటి ఉంది. బిడ్డ పుట్టగానే పాడేది."

"ఏదీ, పాడండి."

పాడింది. ఊళ్ళో పుట్టిన పిల్లలు సగంమంది మొదటి రోజు ఆ పాటకే నిద్రపోయారు. అర్థం సగమే తెలుసు. ఎవరో పడవలో వచ్చారని, అలిసిపోయారని, దీపం తగ్గించమని, అంతవరకే. గొంతు మునుపటంత లేదు. అయినా రెండో చరణంలో పిచ్చుక ఎక్కడ ఊపిరి తీసుకునేదో తనూ అక్కడే తీసుకుంది.

పాట సగంలో డాక్టరు స్టూలు మీంచి లేచాడు. గోడ దగ్గర సింకులో కుళాయి తిప్పి, ఇటు వీపు పెట్టి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. పాట అయిపోయింది. ఆయన ఇంకా కడుక్కుంటూనే ఉన్నాడు.

"ఇది మా భాష కాదు," అన్నాడు.

"మరి?"

"సరస్సు వాళ్ళది. ఉత్తరాన పెద్ద సరస్సుంది. ఒడ్డున ఉండేవాళ్ళ భాష వేరు, పద్ధతులు వేరు. రాజధాని వాళ్ళకి వాళ్ళంటే లోకువ. ఆ గొడవలన్నీ ఈ ఇద్దరి మధ్యే. పేరు పిలవని పద్ధతి కూడా సరస్సు వాళ్ళదే." నీళ్ళ చప్పుడు మీదుగా మాట్లాడుతున్నాడు. "మీ పిచ్చుక అబద్ధం చెప్పలేదమ్మా. తన ఊరి సంగతి చెప్పింది. దేశమంతా అదేనని మీరనుకున్నారు. ఈ పాట గానీ రాజధాని వార్డులో పాడారో, ఆ బాలింతలు మంచాల మీంచి లేచి వెళ్ళిపోతారు."

"ఆ పాట మీకెక్కడిదండీ?"

అడిగింది డాక్టరు కాదు. గుమ్మంలో ఆయన భార్య. ఎప్పుడొచ్చిందో, తలుపు పట్టుకుని నిలబడి ఉంది. చూపు పెద్దసిస్టరు మీద లేదు, మొగుడి వీపు మీద ఉంది.

"మా స్నేహితురాలు నేర్పిందమ్మా," అంది పెద్దసిస్టరు.

"ఇది ఈయన నిద్రలో పాడతారండీ. జ్వరమొచ్చినా పాడతారు. పెళ్ళైన కొత్తలో అడిగితే బళ్ళో నేర్పారన్నారు."

కుళాయి ఆగింది. డాక్టరు తడి చేతులు గాల్లో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. మనకంటే ముందు పెద్దసిస్టరుకే అర్థమైంది. ఎంతోమంది ఆడవాళ్ళు నొప్పి దాచుకోవడం చూసిన మనిషి.

"మీ అమ్మగారు పాడేవారా?" అని అడిగింది.

"ఊఁ," అన్నాడు. "మా అమ్మ పడవలో కూరగాయలమ్మేది. నన్ను చదువుకోమని రాజధానికి పంపింది. అక్కడ బళ్ళో మా భాష మాట్లాడితే ఆ పూట అన్నం పెట్టేవాళ్ళు కాదు. మానేశాను. రాజధాని వాణ్ణే అని చెప్పుకున్నాను. ఇక్కడికొచ్చాక ఇక్కడెవరూ అన్నం మానిపించరని తెలుసు. కానీ తెలిసేసరికి నీతో కూడా ఒకసారి అబద్ధం చెప్పేసి ఉన్నాను." ఆ చివరి మాట భార్యతో.

ఆవిడ గొంతు పెంచలేదు. మూలనున్న తువ్వాలు తీసి ఆయన చేతుల్లో పెట్టింది.

"మా అమ్మ భాష మా అమ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. మీ అమ్మ భాష నాకు ఒక్క ముక్క చెప్పలేదు. పోయేముందు కూడా అడిగింది మా అమ్మ, మీ అమ్మ నిన్నేమని పిలిచేది నాయనా అని. అప్పుడైనా చెప్పాల్సింది. ఎంత సంతోషపడేదో."

డాక్టరు తువ్వాలుతో చేతులు తుడుచుకుని, మొహం కూడా తుడుచుకున్నాడు. చెట్టంత మనిషి అలా నిలబడి ఏడుస్తుంటే పెద్దసిస్టరుకి తన ప్రయాణం సంగతి కాసేపు మర్చిపోయినంత జాలేసింది. లేచి వెళ్ళి వీపు నిమిరేదే, ఆ కుర్చీ లేవనిస్తే.

కాసేపటికి ఆయన తేరుకుని మీట సరిగ్గా నొక్కాడు. కుర్చీ నిటారుగా లేచింది.

"సరస్సు ఒడ్డున ఈ సంస్థకే ఒక కాన్పుల ఇల్లుంది. వాళ్ళు మనిషి కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నారు. భాష రాదని, వానలొస్తే దారి మూసుకుపోతుందని ఎవరూ వెళ్ళరు." ఆవిడ కళ్ళలోకి చూశాడు. "రాజధానికైతే నా మాట మార్చను, వద్దనే అంటాను. సరస్సుకైతే మీకు తెలిసినవన్నీ నిజాలే. ఆ పాట పాడితే చాలు, ఆ ఊరి ఆడవాళ్ళు మిమ్మల్ని ఇంట్లోకి పిలిచి కూర్చోబెడతారు. వెళ్తారా?"

"పడవ మీదైనా వెళ్తాను," అంది పెద్దసిస్టరు. పిచ్చుక చెప్పిన నీళ్ళు, పిచ్చుక చెప్పిన సంత, అన్నీ ఒక్కసారి దగ్గరికొచ్చేశాయి. ఇన్నాళ్ళూ రాజధాని వీధులు చదివి చదివి తలనొప్పి తెచ్చుకుంది. అవసరమే లేకపోయింది. వెళ్ళాల్సిన ఊరు ఆ హాస్టలు మేడ మీద కూర్చుని ఎప్పుడో చదివేసింది.

డాక్టరు అప్పటికప్పుడే సంస్థకి ఫోను చేశాడు. ఎత్తింది అక్కడ పనిచేసే అమ్మాయి. రాజధానికి వద్దమ్మా అన్నాడు, సరస్సుకి పంపండి అన్నాడు, వెతికినా ఇలాంటి మనిషి దొరకదు అన్నాడు. డాక్టరుగారి భార్య అప్పుడే పెద్దసిస్టరు చేతులు పట్టుకుని, ఆ పాటకి అర్థమేమిటో నాకు చెప్పి వెళ్ళండి అంటోంది. డాక్టరు ఒక నిమిషం విని, కనుబొమలు ముడిచి ఫోను ఇటిచ్చాడు.

"మీతోనే మాట్లాడాలట."

"సిస్టరుగారూ, ఎలా చెప్పాలో తెలియడం లేదండీ," అంది అవతల అమ్మాయి. "వెళ్ళేవాళ్ళ వివరాలు ఆ దేశంలో మా కేంద్రాలన్నిటికీ పంపుతాం. సరస్సు వాళ్ళ దగ్గర్నుంచి నిన్ననే కబురొచ్చింది. మీరెలాగూ రాజధానికేగా అని మీకు చెప్పలేదు. ఎవరినైనా పంపండి, ఈవిణ్ణి మాత్రం వద్దు అన్నారు."

"ఎవరన్నారు?"

"అక్కడి పెద్దనర్సు. ఆ ఇల్లు నడిపేది ఆవిడే. చిన్నప్పుడు మన ఊరొచ్చి, మీ ఆసుపత్రిలోనే చదువుకున్నారట. ఎందుకు వద్దంటున్నారండీ అని నేనే ఫోను చేసి అడిగాను. అది ఆవిడకే తెలుసు, ఆవిణ్ణే అడుగు అన్నారు."

పెద్దసిస్టరు ఫోను చెవి దగ్గర్నుంచి తీసింది. ఎంత వెతికినా ఆ కారణం ఆవిడకి తెలియలేదు. హాస్టలు గది, మేడ, స్టేషను, ఉత్తరాలు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి వెళ్ళాయి. అన్నిట్లోనూ ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

"ఏమందండీ?" అని అడిగింది డాక్టరుగారి భార్య.

"పిచ్చుక బతికే ఉందమ్మా. అక్కడే ఉంది."

అంటుంటే ఆవిడకి నిజంగానే సంతోషం పొంగుకొచ్చింది. ఇన్నేళ్ళూ అడగడానికి భయపడ్డ ప్రశ్నకి జవాబు దొరికింది. డాక్టరుగారి భార్య ఆవిడ చేతులు గట్టిగా పట్టుకుంది.

"ఇంకేం మరి, ఎప్పుడు బయల్దేరుతున్నారు?"

పెద్దసిస్టరు ఫోను డాక్టరు చేతికిచ్చేసింది, తనని రావద్దన్న రెండో ముక్క మాత్రం బయటపెట్టలేదు.